అర్జునుడి ఎడమ చెవి

మా ఐరాల మండలంలో తపస్సుమాను ఎక్కి, ఆ కొనన కూర్చుని, ఒక బీడీ తీరిగ్గా తాగి, పీక కూడా కింద పడనీకుండా వేళ్ళ మధ్య పట్టుకుని దిగినవాణ్ణి నేను. అప్పుడు వేషం లేదు, కిరీటం లేదు, నడుముకు తాడు లేదు. ఇరవై రెండేళ్ళ వయసు, అంతే. కాబట్టి మాను గురించి, దాని మీద పట్టే భయం గురించి నేను చెప్తే మీరు నమ్మాలి. నమ్మనివాళ్ళు ఇక్కడే ఆపి వేరే పని చూసుకోవచ్చు, నాకేమీ కోపం లేదు.

తెలియనివాళ్ళకు రెండు మాటలు. మా తట్టు ఎండాకాలం వస్తే ఊరూరా భారతం జరుగుతుంది. పద్దెనిమిది రోజులు మధ్యాహ్నం హరికథ, రాత్రికి నాటకం. అందులో ఒక్క ఘట్టం మాత్రం పట్టపగలు జరగాలి. అది అర్జునుడి తపస్సు. అరవై అడుగుల తాటిమానును నున్నగా చెక్కి, అడ్డకట్టెలు మెట్లలాగా దిగ్గొట్టి, ధర్మరాజుల గుడి ముందు మిట్ట మీద నిలబెడతారు. అర్జునుడి వేషగాడు మెట్టుకొక పద్యం పాడుకుంటూ పైకెక్కి, కొనన కట్టిన పీట మీద కూర్చుని శివుణ్ణి పిలవాలి. పిల్లలు లేని ఆడవాళ్ళు తడిచీరలతో మాను చుట్టూ బోర్లా పడుకుని ఉంటారు. పైనుంచి అర్జునుడు విసిరే నిమ్మకాయ ఎవరి కొంగులో పడితే వాళ్ళకు బిడ్డ పుడుతుందని నమ్మకం.

మా ఊరికి పందొమ్మిదేళ్ళుగా ఆ అర్జునుడు మునికృష్ణే. నలభై ఆరేళ్ళ మనిషి. ఏడాదంతా టమోటా తోట, ఆ ఒక్క రోజు గాండీవం. పందొమ్మిదేళ్ళలో ఒక్కసారి కూడా కాలు జారలేదు. "అంత పైన భయం కాదా అప్పా?" అని ఎవరైనా అడిగితే, "భయమా? దాన్ని ఇంట్లో వంట చేస్తా ఉండమని చెప్పి వచ్చినా" అని భార్య ప్రసన్నకుమారి వినేటట్టు అనేవాడు. ఆమె చేతిలో ఏముంటే అది చూపించి బెదిరించేది. చాలాసార్లు గరిటె, ఒకసారి రోకలి.

ఆ మనిషికి భయం పట్టింది. ఎట్లా పట్టిందో చెప్తాను.

ఏటా కంకణం కట్టుకునే ముందు అతను తిరుమల కొండకు పోయి రావడం ఆనవాయితీ. అలిపిరి నుంచి మెట్లెక్కి పోతాడు, దర్శనం చేసుకుని బస్సులో దిగుతాడు. ఈసారి గురువారం బయలుదేరేటప్పటికి పడిశం పట్టి ముక్కు రెండు పక్కలా మూసుకుపోయి ఉంది. మాట్లాడితే కుండలోనుంచి వచ్చినట్టుంది.

"ఈ పడిశం తగ్గినాక పోరాదా?" అంది ప్రసన్నకుమారి.

"స్వామికి అంటుకోదులే మే" అని వెళ్ళిపోయాడు.

మెట్లెక్కడం నాలుగు గంటల పని. నిమ్మళంగా ఎక్కాడు, ఏమీ కాలేదు. క్యూలో నిలబడినప్పుడు మటుకు మనసులో ఒక మాట అనుకున్నాడు. 'స్వామీ, మోకాళ్ళు పట్టేస్తా ఉండాయి. ఇంకా ఎన్నేండ్లు ఆ మాను ఎక్కేది?' అంతే, అది మొక్కు కాదు, కోరిక కూడా కాదు. అలసినవాడి గొణుగుడు.

దిగడం బస్సులో. నాలుగు గంటల్లో ఎక్కిన ఎత్తంతా నలభై నిమిషాల్లో దిగిపోతుంది. నాలుగు మలుపులు తిరగ్గానే ఎడమ చెవిలో ఎవరో బొటనవేలు పెట్టి లోపలికి నొక్కినట్టయింది. బస్సులో అందరూ చెవులు రుద్దుకుంటున్నారు, గుటకలు వేస్తున్నారు. ఒక తల్లి ఏడుస్తున్న పసిబిడ్డకు పాలిచ్చింది, బిడ్డ నెమ్మదించాడు. మునికృష్ణ గుటక వేశాడు, ఆవలించాడు, దవడలు ఆడించాడు. చెవి తెరుచుకోలేదు. మలుపు తిరిగేకొద్దీ వేలు పోయి మేకు అయింది. పక్క సీటు పెద్దమనిషి, "ముక్కు మూసుకోని గెట్టిగా ఊదప్పా, సరిపోతాది" అన్నాడు.

మునికృష్ణది అరవై అడుగుల మీదనుంచి మైకు లేకుండా ఊరంతటికీ వినిపించే ఊపిరి. ముక్కు బిగించి, నోరు మూసి, ఆ ఊపిరంతా ఒక్కసారి లోపలికి ఊదాడు.

టప్పుమంది. ఆ తరువాత బస్సు చప్పుడు బావిలో పడిపోయినట్టు దూరమైపోయింది.

అలిపిరి దగ్గర దిగి రెండడుగులు వేశాడో లేదో, నేల ఎడమ పక్కకు వాలింది. దగ్గర్లో ఉన్న టెంకాయల బండి పట్టుకున్నాడు. బండి ఆమె పైనుంచి కిందికి చూసి, "కొండ మీదనుంచి వస్తా ఉండావు, యాడ దొరికిందన్నా నీకు?" అంది. జన్మలో కల్లు కూడా ముట్టని మనిషి, అయినా బండి వదల్లేదు.

ఇంటికొచ్చి పడుకుంటే తగ్గుతుందనుకున్నాడు. పొద్దున లేచేసరికి చెవిలో చిమ్మటలు దూరినట్టు ఒకటే రొద. ఆరేసిన మిరపకాయలు తిరగెయ్యడానికి మిద్దె మీదికి నిచ్చెన ఎక్కాడు. నాలుగో మెట్టు మీద తలెత్తగానే మిద్దె, వేపచెట్టు, ఆకాశం మూడూ కలిసి గిర్రున తిరిగాయి. నిచ్చెనను కావిలించుకుని కళ్ళు మూసుకున్నాడు. కళ్ళు మూసుకున్నా లోపల తిరుగుతూనే ఉంది.

దిగి నేల మీద కూర్చున్నాడు. నాలుగు మెట్లకే ఇట్లుంటే, ముప్పై మెట్ల మానుకు ఇంక పదిరోజులు కూడా లేదు.

అప్పుడు క్యూలో గొణిగిన మాట గుర్తుకొచ్చింది. 'ఎన్నేండ్లు ఎక్కేది' అని అడిగితే స్వామి ఇట్లా జవాబు చెప్పాడా? ఇంక ఎక్కేది లేదనా? లేకపోతే ఎక్కి, పడి, ఒక్కసారిగా అయిపోతుందనా? ఎవరికీ చెప్పలేదు. చెబితే అదే నిజమైపోతుందేమోనని భయం.

తమాషా ఏమంటే, ఇంట్లో దాచడం మాను ఎక్కడం కంటే కష్టం. నాలుగు రోజులు చూసి ప్రసన్నకుమారి అడిగింది, "ఏమయ్యా, యాడ కూసున్నా నాకు ఎడమ పక్కకే వచ్చి కూసుంటా ఉండావు, యాల?"

"నీ ఎడమ పక్క రవంత అందంగా ఉండాది మే."

"ఇరవై రెండేండ్లకు కనపడిందా నీకు!" అని నవ్వింది. నోరు నవ్వింది గాని కళ్ళు నవ్వలేదు. అతను కుడి చెవి తనవైపు పెట్టుకుంటున్నాడని ఆమెకు అప్పటికే తెలుసు. ఎదురుచూసింది, చెప్తాడేమోనని.

అతను చెప్పలేదు. అతనికి అంతకంటే మంచి ఉపాయం తోచింది. పక్కింట్లో రూపశ్రీ అని పదో తరగతి చదివే పిల్ల ఉంది. సోమవారం సాయంకాలం అరుగు మీద కూర్చుని గట్టిగా పాఠం వల్లె వేస్తోంది. చెవి లోపల మూడు చిన్న ఎముకలుంటాయట, శరీరంలో అంతకంటే చిన్నవి లేవట. మునికృష్ణ కుడి చెవి అటు తిప్పి రెండుసార్లు విన్నాడు. ఇంకేముంది! ఎముక అంటే పుత్తూరు. ఊదినప్పుడు టప్పుమన్నది ఆ ఎముకే, పక్కకు జరిగింది. కాలు విరిగినవాళ్ళు పుత్తూరు కట్టుతో నెలకు నడుస్తుంటే, బియ్యపు గింజంత ఎముక సర్దుకోవడానికి ఎంతసేపు?

మంగళవారం, వేషానికి రంగులు తెస్తానని చెప్పి పుత్తూరు బస్సెక్కాడు. అక్కడ ఆకు పసరు వాసన మధ్య చేతులు, కాళ్ళు, జబ్బలు కట్టించుకున్నవాళ్ళు వరుసగా కూర్చున్నారు. కట్టు కట్టే పెద్దాయన ఇతని వంతు రాగానే ఒళ్ళంతా ఒకసారి చూశాడు.

"యాడ నాయనా దెబ్బ?"

"చెవిలో."

"చెవి మీదనా?"

"లోపల. మూడు ఎముకలుంటాయి కదా, ఒకటి జరిగినట్టుండాది. రవంత సర్ది కట్టేసినారంటే ఆదివారం పనుండాది నాకు."

గదిలో నవ్వు పుట్టి గోడలు దాటింది. పక్కటెముక విరిగిన ఒకాయన డొక్క పట్టుకుని, "నవ్వించొద్దప్పా, సచ్చిపోతా ఉండా" అని ఏడుపు గొంతుతో వేడుకున్నాడు. పెద్దాయన కళ్ళు తుడుచుకుని, "నలభై ఏండ్లుగా కడతా ఉండాను. చేతికి కడతా, కాలికి కడతా. చెవి లోపల కట్టు కట్టల్లంటే యాదన్నా చీమకు పని నేర్పించి లోపలికి తోలాల" అన్నాడు.

మునికృష్ణ కూడా నవ్వి లేచాడు. లేవగానే చెయ్యి గోడకు పోయింది. పెద్దాయన నవ్వు అక్కడ ఆగింది.

"గోడ యాల పట్టుకుంటివి?"

"ఊరికే."

"ఊరికే ఎవురూ గోడ పట్టుకోరు నాయనా. ఇది నా పని కాదు. చెవి డాక్టరు కాడికి పో. ఈపొద్దే పో."

చిత్తూరులో దిగి చెవి డాక్టరును చూడవచ్చు. మునికృష్ణ దిగలేదు. బస్టాండులో బస్సు పావుగంట ఆగింది, కిటికీ పక్కన కూర్చునే ఉన్నాడు. కట్టు కట్టేవాడైతే కట్టి పంపిస్తాడు. డాక్టరైతే ఎక్కవద్దంటాడు. ఆ మాట వినడానికి, మిగిలిన ఆ ఒక్క చెవిని ఇవ్వడం అతనికి ఇష్టం లేకపోయింది.

బుధవారం కంకణం కట్టారు. కంకణం చేతికెక్కితే భారతం ముగిసేవరకూ వేషగాడు ఊరి పొలిమేర దాటకూడదు. ఇంకొకరు అతని బదులు ఎక్కకూడదు. ఇది మా ఊరి కట్టుబాటు. హార్మోనియం సుబ్బన్న, డెబ్బై దాటిన మనిషి, ఒకప్పుడు తానూ అర్జునుడే, కంకణం ముడి వేసి, "ఇంగ నువ్వు మునికృష్ణవి కాదబ్బా" అన్నాడు. ఏటా ఆ మాటకు ఛాతీ ఉప్పొంగేది. ఈసారి ముడి బిగిసినట్టు అనిపించింది. వెనక్కు పోయే దారి, ముందుకు పోయే దారి రెండూ ఆ పసుపు దారంతోనే కట్టేసినట్టు.

గురువారం పొద్దున నీళ్ళ బిందె దించబోయి, బిందెతో సహా గోడకు జారగిలబడ్డాడు. ప్రసన్నకుమారి తడిసిన పంచె మార్పించింది, చెయ్యి పట్టుకుంది, ఊళ్ళోనే ఉన్న ఆరోగ్య కేంద్రానికి నడిపించింది. అక్కడ నర్సు రెబెకా. పన్నెండేళ్ళుగా మా ఊరికి సూదిమందు, టానిక్కు, చీవాట్లు ఆమే.

కొండ, పడిశం, బస్సు, ఊదడం, అన్నీ కక్కించింది. తరువాత, "కాళ్ళు రెండూ చేర్చి నిలబడన్నా. కండ్లు మూసుకో" అంది.

మూసుకున్నాడు. తాను నిటారుగానే నిలబడ్డాననుకున్నాడు. కళ్ళు తెరిచేసరికి ఎడమవైపు రెబెకా, వెనుక ప్రసన్నకుమారి చెరొక జబ్బా పట్టుకుని ఉన్నారు.

"నన్నెందుకు పట్టుకున్నారు?"

"పడిపోతా ఉంటివి గనక" అంది ప్రసన్నకుమారి.

పడిపోతున్న సంగతి కూడా తనకు తెలియలేదు! అప్పటిదాకా ఉన్న భయం ఒకెత్తు, ఇది ఒకెత్తు. కాలు జారితే చేతులు పట్టుకుంటాయి. ఒళ్ళు అబద్ధం చెప్తుంటే దేన్ని పట్టుకోవాలి?

"ఇది స్వామి కోపమా సిస్టరమ్మా?" అని మెల్లగా అడిగాడు.

"దేవునికి కోపమొస్తే చెవి పట్టుకుంటాడా అన్నా? అది బళ్ళో అయ్యవార్ల పని" అంది రెబెకా. అని, బల్ల మీద ఖాళీ నీళ్ళ సీసా తీసి చూపించింది. "మొన్న మా పిల్లోళ్ళతో హార్సిలీ హిల్స్ పోయినాం. పైన నీళ్ళు తాగేసి ఇట్లాంటి సీసాకు బిర్రుగా మూత పెట్టినాం. కిందికొచ్చి చూస్తే ఎవరో పిడికిట్లో నలిపినట్టు సొట్టలు పడిండాది. ఎవురూ ముట్టుకోలేదు. కొండ మీద గాలి బరువు తక్కువ, కింద ఎక్కువ. సీసాలో ఉండేది కొండ మీది గాలి. కింది గాలి దాన్ని బయటినుంచి నొక్కేసింది. నీ చెవి తెర వెనక గూడా గాలుంటాది. ముక్కు వెనకనుంచి చెవికి సన్న గొట్టముండాది, గుటకేస్తే తెరుచుకోని రెండు పక్కలా గాలి సమం చేస్తాది. పడిశంతో అది వాచి మూసుకుపోయింటే నీ చెవి మూత పెట్టిన సీసానే కదా."

"మరి తల తిరిగేది?"

"అది నువ్వు ఊదిన ఊపుకు. మనిషిని నిటారుగా నిలబెట్టే సూత్రం లోచెవిలోనే ఉండాది. దానికి దెబ్బ తగిలినట్టుండాది."

రెబెకా ఫోనులోనే చిత్తూరు చెవి డాక్టరమ్మను పిలిచి బొమ్మ కనబడేటట్టు పెట్టింది. డాక్టరమ్మ పది ప్రశ్నలడిగి, తల తిరగడానికి మాత్రలు చెప్పి, రెండు మూడు వారాలకు చాలామందికి తగ్గుతుంది గాని చూడకుండా ఏమీ చెప్పలేనని, వెంటనే వచ్చి చూపించుకోమని, ముక్కు ఊదవద్దని, ఎత్తులు ఎక్కనే ఎక్కవద్దని చెప్పింది.

"వినపడిందా అన్నా?" అంది రెబెకా.

"కంకణం కట్టుకున్నా తల్లీ. పొలిమేర దాటకూడదు."

"మాను గూడా ఎక్కకూడదు. నేను పోయి పెద్దోళ్ళకు చెప్తా."

"వద్దు! ఆదివారం నేనే చెప్తా. నా నోటితోనే చెప్తా. మీ ఇద్దరూ గమ్మునుండండి."

ప్రసన్నకుమారి ఏమీ మాట్లాడలేదు. ఆమె మాట్లాడకపోవడం అతన్ని భయపెట్టాల్సింది. అప్పటికే అతని భయం ఇంకొక దానికి చోటు లేనంతగా నిండిపోయి ఉంది.

ఆదివారం వచ్చింది. మాత్రలతో కళ్ళు కొంచెం నిలిచాయి. నేల మీద నడిస్తే తూలడం లేదు. చెబుదామని మిట్ట మీదికి వచ్చాడు. వచ్చేసరికి ఏడూళ్ళ జనం, డోళ్ళు, దుమ్ము, ఎండ. మాను చుట్టూ తడిచీరలతో ముప్పైమంది ఆడవాళ్ళు. అందులో తిరుమలమ్మ అని నగరి తట్టు నుంచి వచ్చిన ఆమె, మూడేళ్ళుగా వస్తున్న మనిషి, లేచి వచ్చి అతని కాళ్ళకు మొక్కింది. "నాయనా, ఈసారన్నా నా తట్టు ఒగటి ఇసురు."

చెప్పాల్సింది మానుకుని తల వంచాడు. కిరీటం పెట్టారు. నడుముకు నిమ్మకాయల సంచి కట్టారు. సుబ్బన్న హార్మోనియం పట్టాడు. ప్రసన్నకుమారి, రెబెకా జనాన్ని తోసుకుని వచ్చేలోపలే మునికృష్ణ మొదటి మెట్టు మీద కాలు పెట్టాడు.

ఐదు మెట్లు బాగానే పోయాయి. చూపు మాను మీదే పెట్టాడు. ఎర్రటి పీచు గీతలు ఒక్కొక్కటే లెక్కపెడుతూ ఎక్కాడు. ఏడో మెట్టు మీద పద్యం ఆకాశానికేసి పాడాలి. అలవాటు కొద్దీ తల వెనక్కు వంచాడు.

లోకం ఊడిపోయింది. మాను అడ్డంగా పడుకుంది. జనమంతా పళ్ళెంలో నీళ్ళు ఒలికినట్టు ఎడమవైపుకు జారిపోయారు. చెమట రంగుతో కలిసి కళ్ళలోకి కారింది. నోట్లో చేదు. దిగుదామంటే కింది మెట్టు ఎక్కడుందో కాలికి తెలియడం లేదు. పైమెట్టు చేతికి తగులుతోంది, కనుక పైకే పోయాడు. ఎనిమిది. తొమ్మిది. పాట ఆపితే జనానికి తెలిసిపోతుందని పాడుతూనే ఉన్నాడు, ఏం పాడుతున్నాడో తనకే తెలియకుండా. పది. పదకొండో మెట్టు మీద వేళ్ళు కట్టెకు అంటుకుపోయాయి. ఇంక పైకీ లేదు, కిందికీ లేదు.

ఇక్కడ నేనొక మాట చెప్పాలి. మొదట్లో మాను కొనదాకా ఎక్కి బీడీ తాగానన్నాను కదా. బీడీ తాగిన మాట నిజమే. ఎక్కింది మూడు మెట్లు. మూడో మెట్టు మీద కింద చూశాను. మా నాయన వచ్చి, గోడ మీది పిల్లిని దించినట్టు నడుము పట్టుకుని దించాడు. ఆ తరువాత వణుకు తగ్గడానికి మాను మొదట్లో కూర్చుని తాగిందే ఆ బీడీ. పీక కింద పడనీయలేదన్నానే, కిందనే ఉన్నాను కదా, ఇంకెక్కడ పడుతుంది? కాబట్టి పదకొండో మెట్టు మీద మునికృష్ణ భయం ఎంతో నాకు తెలియదు. నా మూడు మెట్ల భయాన్ని పెంచి చెప్తున్నాను. అయినా తగ్గించే చెప్పి ఉంటాను.

మునికృష్ణ గొంతు శ్రుతి తప్పింది. పందొమ్మిదేళ్ళలో తప్పని గొంతు. ఒక చెవితో విని పాడేవాడికి, అందులో ప్రాణభయంతో పాడేవాడికి, శ్రుతి ఎట్లా నిలుస్తుంది? సుబ్బన్న తలెత్తాడు. శ్రుతి పెంచి అందించాడు, అందుకోలేదు. తగ్గించి అందించాడు, అందుకోలేదు. ముసలాయనకు అర్థమైంది. హార్మోనియం మీద చెయ్యి ఆపి, మైకు దగ్గరకు లాక్కుని, ఉన్నట్టుండి శివుడి గొంతు ఎత్తుకున్నాడు. "అర్జునా! మెచ్చితిమి. చాలించు తపస్సు" అని రాగం తీశాడు.

జనం నోళ్ళు తెరిచారు. శివుడు రావడానికి ఇంకా రెండు గంటలుంది. శివుడి వేషగాడు నవీన్ పందిరి వెనక సగం రంగుతో ఇడ్లీలు తింటున్నాడు.

"ఇంకా టైముండాది కదా తాతా!" అని వాడు అరిచింది మైకులో ఊరంతా విన్నది.

"పరమేశ్వరునికి టైమేంది రా? మూతి తుడుసుకోని రా బయటికి!"

పులిచర్మం ఒక భుజాన, ఇడ్లీ ఒక దవడన పెట్టుకుని పరమశివుడు పరిగెత్తుకొచ్చాడు.

వరమైతే దొరికింది. దిగేదెట్లా? మునికృష్ణ కళ్ళు గట్టిగా మూసుకుని మానును కరుచుకుని ఉన్నాడు. పేరు పెట్టి పిలిచినా పలకడం లేదు. అప్పుడు ప్రసన్నకుమారి తడిచీరల ఆడవాళ్ళ మధ్యనుంచి మాను మొదటికి వచ్చింది. తపస్సు వేళ వేషగాడి భార్య మాను దగ్గరకు రాకూడదని మా ఊళ్ళో పట్టింపు. ఎవరో అడ్డం పోయారు. ఆమె చూసిన చూపుకు వాళ్ళే పక్కకు తప్పుకున్నారు. అతని కుడి చెవి వైపుకు తిరిగి నిలబడింది.

"యోవ్, నేను. కండ్లు తెరవొద్దు. మాను ఇడవొద్దు. కుడికాలు కిందికి జార్చు. ఇంకా. ఇంకా రవంత. ఆఁ, అదే మెట్టు. ఇప్పుడు ఎడమకాలు."

కాలు గాలిలో వెతుక్కుంది. దొరికింది.

"మే, నేను వంగిపోతా ఉండానా?"

"లేదు. నిటారుగా ఉండావు. నీకట్ల అనిపిస్తాది, నమ్మొద్దు. నన్ను నమ్ము."

డోళ్ళు ఆగిపోయాయి. ఏడూళ్ళ జనం ఊపిరి బిగబట్టి ఒక ఆడమనిషి మెట్లు లెక్కపెట్టడం విన్నారు. ఇద్దరు కుర్రవాళ్ళు కిందనుంచి నాలుగు మెట్లెక్కి అతని నడుము అందుకున్నారు. మూడో మెట్టు. రెండు. ఒకటి. నేల తగలగానే మునికృష్ణ నిలబడలేదు. అట్లే బోర్లా పడి, తడిచీరల పక్కన, రెండు చేతులతో మట్టి పట్టుకున్నాడు.

కొంచెంసేపటికి రెబెకా మంచినీళ్ళు తాగించింది. లేచి కూర్చుని మైకు ఇమ్మన్నాడు. "కొండ దిగేటప్పుడు నా ఎడమ చెవికి దెబ్బ తగిలింది. తల తిరగతా ఉండాది. పడతానేమోనని భయమేసింది. చెప్పేదానికి అంతకంటే ఎక్కువ భయమేసింది. అంతే" అన్నాడు.

పక్క ఊరి పెద్ద ఒకాయన లేచి, "సగంలో ఆపితే తపస్సు చెల్లేదెట్లా?" అన్నాడు.

"శివుడే వచ్చి ఇడ్లీ తినుకుంటా నిలబడుంటే, నీకేంది నడిమధ్య?" అన్నాడు సుబ్బన్న. నవ్వు మొదలైంది, డోళ్ళు అందుకున్నాయి.

నిమ్మకాయల సంచి ఇంకా నడుముకే ఉంది. మునికృష్ణ లేవలేక, కూర్చున్నచోటునుంచే ఒక్కొక్కటీ తీసి ఆడవాళ్ళ చేతుల్లో పెట్టాడు. ఏటా పైనుంచి విసిరితే పదో పన్నెండో దొరికేవి, తక్కినవి దుమ్ములో దొర్లేవి. ఈసారి ముప్పైమందికీ అందాయి. తిరుమలమ్మ తన నిమ్మకాయను కొంగున ముడి వేసుకుని, ఆ ముడికి ఇంకొక ముడి వేసింది.

భారతం ముగిసి కంకణం విప్పిన రోజే చిత్తూరు తీసుకుపోయారు. డాక్టరమ్మ చూసి, చెవి తెర లోపలికి గుంజుకుపోయి ఉందని, వెనక నీరు చేరిందని, లోచెవి మెల్లగా సర్దుకుంటోందని చెప్పి, ముక్కులోకి మందిచ్చి, పది రోజుల ముందే రాలేదని తిట్టింది. ఇంకొక వారానికి, రాగిసంగటి ముద్ద మింగుతుంటే చెవిలో మెత్తగా పుటుక్కుమంది. మొట్టమొదట వినిపించింది వంటింట్లో ప్రసన్నకుమారి గొంతు. "యాల మే అట్ల అరస్తావు?" అన్నాడు. ఆమె గరిటె కింద పెట్టి, అక్కడే కూర్చుని ఏడ్చింది.

ఇంతా చెప్పినాక ఒకటి ఒప్పుకోవాలి. సుబ్బన్న శ్రుతి పట్టి కనుక్కున్నాడన్నాను. అది నేను అల్లింది. సుబ్బన్నకు ఆరేళ్ళుగా రెండు చెవులూ సరిగా వినపడవు. హార్మోనియం వేళ్ళ అలవాటు మీద నడిచిపోతుంది. మునికృష్ణ శ్రుతి తప్పిన సంగతి ఆ మిట్ట మీద ఆయనకొక్కడికే తెలియదు. జరిగిందేమంటే, పదకొండో మెట్టు దగ్గర ప్రసన్నకుమారి వెనకనుంచి వచ్చి ఆయన జబ్బ గిల్లి, చెవిలో అరిచింది, "తాతా, శివుణ్ణి పిలుస్తావా, మానుకు గొడ్డలి తెచ్చేదా?" అని. మునికృష్ణకు ఇది తెలియదు. సుబ్బన్నది ఎంత గొప్ప చెవి అని ఇప్పటికీ ఊరంతా చెప్పుకుంటూ తిరుగుతాడు. సుబ్బన్న కూడా కాదనడు. గిల్లినచోట నాలుగు రోజులు నల్లగా ఉండింది. అది మటుకు నేను చూశాను.